మారుతుందిలే... ఏ తారీఖుకి?

మా అమ్మాయి హైదరాబాదులో చిప్పులు డిజైను చేసే ఒక కంపెనీలో ఇంజనీరు. చిప్పులంటే బంగాళాదుంప చిప్సు కాదండోయ్! మన సెల్‌ఫోన్లో, టీవీలో, వాషింగ్ మెషీన్లో, ఆఖరికి బ్యాంకు కార్డులో కూడా ఉండే గోరంత సిలికాన్ ముక్క. పెళ్ళి సంబంధాలప్పుడు "అమ్మాయి ఏం చేస్తుందీ?" అని అడిగిన ప్రతి పెద్దమనిషికీ ఇది చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

పోయిన సంక్రాంతికి అది పాలకొల్లు వచ్చినప్పుడు చూద్దును కదా, మనిషి సగమైపోయింది. పాపకి పద్నాలుగు నెలలు. ప్రసూతి సెలవు అయిపోయి మళ్ళీ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఆఫీసులో పసిపిల్లల్ని చూసుకోవడానికి క్రెష్ పెడతామన్నారట, పెట్టలేదు. అడిగినప్పుడల్లా "చూస్తున్నాం, మెల్లగా వస్తుంది" అంటారట. ఇంట్లో అల్లుడుగారు మంచివాడే. పాపకి స్నానం చేయిస్తాడు, డైపరు మారుస్తాడు. వంట మాటెత్తితే మాత్రం "నేర్చుకుంటాలే, మెల్లగా" అంటాడట. ఆఫీసూ మెల్లగానే, ఇల్లూ మెల్లగానే. పరుగు మాత్రం దీనికి.

"అమ్మా, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా" అంది, నేను గారెలు వేస్తూంటే పక్కన నించుని.

నా గుండె గుభేలుమంది. కానీ నోట్లోంచి వచ్చింది మాత్రం పాత మాటే. "తొందరపడకే తల్లీ. కాలం మారుతుందిలే."

అది నా వంక అదోలా చూసింది. "అమ్మమ్మ నీతో కూడా ఇదే అందిగా?"

అంది. 1991లో నా పెళ్ళయిన కొత్తలో బళ్ళో పాఠాలు చెప్పి వచ్చి, పదిమందికి వంట చేసి, రాత్రి పదకొండింటికి పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఒకరోజు మా అమ్మ దగ్గర ఏడిస్తే, "ఓర్చుకోవే, నీ కూతురి నాటికి ఇవేమీ ఉండవు" అని తల నిమిరింది. ఆ కూతురు ఇదిగో, నా పక్కనే నించుని నేనన్న మాటే ఏడ్చింది.

"మా పనిలో ఇలా ఎవరూ మాట్లాడరమ్మా" అంది. "ప్రతి చిప్పుకీ టేపౌట్ అని ఒక తారీఖు ఉంటుంది. డిజైను పూర్తిచేసి ఫ్యాక్టరీకి పంపే రోజు. ఆ తారీఖు కోసం వందలమందిమి రాత్రీ పగలూ కూర్చుంటాం. చిప్పుకి తారీఖు ఉంది, క్రెష్‌కి లేదు. అసలు మా ఫీల్డంతా ఒకాయన గీసిన ఒక్క గీత మీద నడిచింది. గోర్డన్ మూర్ అని."

నేను ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని. గీత అంటే చెవులు నిక్కబొడుచుకుంటాయి. పండగ అయ్యాక ఆయన గురించి దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ ఇది చిప్పుల సంగతి కాదు, మన సంగతే అనిపించింది. అందుకే రాస్తున్నాను.

ఒక వాయికి ఎన్ని గారెలు?

గోర్డన్ మూర్ 1929లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. చదివింది రసాయన శాస్త్రం. 1957లో మరో ఏడుగురితో కలిసి, పనిచేస్తున్న చోట యజమానితో పడక బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే కంపెనీ మొదలుపెట్టాడు. 1968లో రాబర్ట్ నాయిస్‌తో కలిసి ఇంటెల్ స్థాపించాడు. 2023 మార్చిలో, 94వ ఏట పోయాడు.

ఆయన పేరు నిలిచిపోయింది మాత్రం ఒక వ్యాసం వల్ల. 1965 ఏప్రిల్ 19న ఎలక్ట్రానిక్స్ అనే పత్రికలో వచ్చింది. రాబోయే పదేళ్ళలో ఈ రంగం ఏమవుతుందో రాయమని పత్రికవాళ్ళు అడిగితే రాశాడు.

ట్రాన్సిస్టర్ అనగానే మనకి రేడియో గుర్తొస్తుంది. నిజానికి ట్రాన్సిస్టర్ అంటే ఆ రేడియో లోపల ఉండే ఒక బుల్లి భాగం. కరెంటుకి అదొక స్విచ్చి లాంటిది. అలాంటి స్విచ్చీలని ఒక్కొక్కటీ విడిగా తయారుచేసి తీగలతో కలిపే బదులు, అన్నిటినీ ఒకే సిలికాన్ ముక్క మీద తయారుచేస్తే అదే చిప్పు.

ఒక ముక్క మీద ఎన్ని పెడితే చవగ్గా పడుతుంది? మూర్ వేసుకున్న లెక్క అదీ. ఇది మనకి తెలియని లెక్క కాదు. బూరెల మూకుడులో వాయికి రెండే గారెలు వేస్తే గ్యాసు దండగ, నూనె దండగ. ఎనిమిది వేస్తే కలిసొస్తుంది. అలాగని పదిహేను కుక్కితే ఒకదానికొకటి అంటుకుని వాయి మొత్తం పాడవుతుంది. మరీ తక్కువా కాకుండా, మరీ ఎక్కువా కాకుండా ఒక అంకె ఉంటుంది. చెయ్యి తిరిగినకొద్దీ ఆ అంకె పెరుగుతుంది.

1965లో ఆ అంకె సుమారు యాభై. అప్పటిదాకా ఏడాదికేడాది రెట్టింపవుతూ వస్తోంది కాబట్టి, అదే గీతని పొడిగిస్తే 1975 నాటికి 65 వేలు అవుతుందన్నాడు మూర్. ఆయన చేతిలో ఉన్నవి నాలుగైదు చుక్కలే. వాటి మీదుగా గీసిన గీతే అది.

అలా జరిగితే ఇంట్లో వాడుకునే కంప్యూటర్లు వస్తాయనీ, మనిషి వెంట తీసుకెళ్ళే ఫోను లాంటి పరికరాలు వస్తాయనీ, కార్లు వాటంతటవే కొన్ని పనులు చేసుకుంటాయనీ కూడా రాశాడు. ఆ వ్యాసానికి ఒక కార్టూన్ వేశారు. పెద్ద షాపులో ఒకపక్క సూదులు, దారాలు, గుండీలు అమ్మే కౌంటరు, ఇంకోపక్క అలంకరణ సామాన్ల కౌంటరు, మధ్యలో ఇంట్లో వాడుకునే బుల్లి కంప్యూటర్లు అమ్మే కౌంటరు! కంప్యూటరు అంటే గది నిండా బీరువాలున్న రోజులవి. చదివినవాళ్ళు నవ్వుకునే ఉంటారు. ఇవాళ మన ఫ్యాన్సీ షాపు పక్కనే సెల్‌ఫోన్ల షాపు ఉంది. ఎవరూ నవ్వడం లేదు.

1971లో ఇంటెల్ తెచ్చిన మొదటి మైక్రోప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు 2,300. 1993లో పెంటియమ్‌లో 31 లక్షలు. 2023లో ఒక ఖరీదైన సెల్‌ఫోన్లో పెట్టిన చిప్పులో 1900 కోట్లు. అంటే పెంటియమ్ వచ్చిన ముప్పయ్యేళ్ళలో ఆరువేల రెట్లు.

అది నియమం కాదు, పంతం

దీన్ని 'మూర్ నియమం' అంటారు. ఆ పేరు ఆయన పెట్టుకున్నది కాదు. కాలిఫోర్నియాలో ప్రొఫెసరైన కార్వర్ మీడ్ వ్యాప్తిలోకి తెచ్చాడు. ఆ పేరు పలకడానికి తనకే ఇరవయ్యేళ్ళపాటు మొహమాటంగా ఉండేదని మూర్ తర్వాత చెప్పుకున్నాడు. ఎందుకంటే అది ప్రకృతి నియమం కాదని ఆయనకి తెలుసు.

చెట్టు నుంచి రాలిన మామిడికాయ ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా కింద పడుతుంది. అది నియమం. చిప్పు మీద ట్రాన్సిస్టర్లు వాటంతటవి రెట్టింపు కావు. ఎవరో కూర్చుని చెయ్యాలి. మూర్ కూడా 1975లో తన లెక్కని తనే సరిదిద్దుకున్నాడు. ఇకమీదట ఏడాదికి కాదు, రెండేళ్ళకోసారి రెట్టింపు అన్నాడు. లెక్కల టీచరుగా నాకు ఆ మనిషి మీద గౌరవం కలిగింది అక్కడే. తప్పితే దిద్దుకోవడానికి వీలుండేలా అంకె వేసి చెప్పాడు. "బోలెడు పెరుగుతుంది" అని ఊరుకుని ఉంటే దిద్దుకోవడానికేముంటుంది?

మరి రెండేళ్ళకోసారి రెట్టింపు అన్నది అన్ని దశాబ్దాలు ఎలా నడిచింది? అందరూ నమ్మారు కాబట్టి. 'ఫలానా ఏడాదికి పోటీ కంపెనీవాడు ఇంత చిన్న ట్రాన్సిస్టరు చేసేస్తాడు, మనం చెయ్యకపోతే మునిగిపోతాం' అని ప్రతి కంపెనీ భయపడింది. ఆ తారీఖుకి సరిపడా డబ్బు పెట్టింది, మనుషుల్ని పెట్టింది, యంత్రాలకి ముందే ఆర్డర్లిచ్చింది. 1990ల్లో అమెరికా కంపెనీలన్నీ కూర్చుని 'ఏ ఏడాదికి ఏం సాధించాలి, దానికి అడ్డమేమిటి' అని పట్టికలు రాసుకున్నాయి. ఆ తర్వాత మిగతా దేశాలవాళ్ళూ కలిశారు. 2016 దాకా ఆ పట్టికలు వస్తూనే ఉన్నాయి. తన జోస్యం తనని తానే నిజం చేసుకుంటోందని మూర్ కూడా అన్నాడు.

అంటే మొదట జోస్యం. తర్వాత గడువు. ఆ తర్వాత పంతం.

ఇది కలకాలం సాగేది కాదని కూడా ఆయనే 2003లో ఒక సభలో చెప్పాడు. ఇలా రెట్టింపయ్యేది ఏదైనా ఎప్పుడో ఆగాల్సిందే, కానీ ఆ ఆగడాన్ని వాయిదా వెయ్యొచ్చు అన్నాడు. 2022లో ఒక పెద్ద కంపెనీ అధిపతి 'మూర్ నియమం చచ్చిపోయింది' అంటే, అదే నెలలో ఇంటెల్ అధిపతి 'బతికే ఉంది' అన్నాడు. ఆ తగవు మనకెందుకు గానీ, వేగం నెమ్మదించిన మాట నిజమే.

ఆ గీత ఎవరి చేతుల మీద నడిచింది?

ఇక్కడితో ఆపితే 'భేష్ మూర్‌గారూ' అని చప్పట్లు కొట్టి ఊరుకోవచ్చు. కానీ నేను ఆడదాన్ని. ఇంటికి చుట్టాలొచ్చి భోజనం బాగుందంటే, వంటింట్లో ఎవరున్నారు అని చూస్తాను.

1965లో ఆ వ్యాసం రాసినప్పుడు మూర్ ఫెయిర్‌చైల్డ్‌లో పరిశోధన విభాగానికి అధిపతి. అదే సంవత్సరం అదే కంపెనీ న్యూ మెక్సికో రాష్ట్రంలో, నవహో అనే ఆదివాసీల ప్రాంతంలో, షిప్‌రాక్ అనే ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టింది. అందులో పనిచేసినవాళ్ళలో చాలామంది నవహో ఆడవాళ్ళే. అంతకు రెండేళ్ళ ముందే, 1963లో, హాంకాంగ్‌లో ఒకటి తెరిచింది. 1972లో ఇంటెల్ మలేసియాలోని పెనాంగ్‌లో పెట్టింది. వీటిల్లో మైక్రోస్కోపులో కళ్ళు పెట్టి, వెంట్రుక కన్నా సన్నటి తీగల్ని చిప్పులకి అతికించింది ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలే.

1969లో ఫెయిర్‌చైల్డ్ వేసిన ఒక పుస్తకంలో, నవహో ఆడవాళ్ళు నేసే తివాచీల మీది నమూనాల్ని చిప్పు మీది గీతలతో పోల్చి చూపించారు. తరతరాలుగా నేత నేసిన చేతులు కాబట్టి వీళ్ళకి ఈ పని పుట్టుకతో వచ్చేసిందని భావం. వినడానికి ఎంత పొగడ్తో! ఓర్పు ఆడదానికి సహజం, సన్నని వేళ్ళు సహజం. మరి సహజంగా వచ్చినదానికి ఎక్కువ జీతమెందుకు? నేర్చుకున్నదానికి కదా జీతం పెంచుతారు! 1975లో, పనివాళ్ళని తీసేశారని గొడవ జరిగి, ఆదివాసీ ఉద్యమంవాళ్ళు ఆ ఫ్యాక్టరీని ఆక్రమించుకున్నాక, కంపెనీ దాన్ని మూసేసి వెళ్ళిపోయింది.

ఇది చదువుతుంటే నాకు మా పిన్ని గుర్తొచ్చింది. మాకు పక్కనే నరసాపురం. అక్కడి లేసు సంగతి మీకు తెలిసిందే. మా పిన్ని మధ్యాహ్నం అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని దీపాలు పెట్టేదాకా లేసు అల్లేది. "ఏం చేస్తూంటారమ్మా?" అని ఎవరైనా అడిగితే "ఏం లేదండీ, ఇంట్లోనే" అనేది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు ఆడవాళ్ళ మీద 1982లో ఒక పుస్తకమే రాసింది. విదేశాలకు పోయే సరుకు తయారుచేస్తున్నా వీళ్ళని పనివాళ్ళుగా ఎవరూ లెక్కెయ్యరనీ, ఖాళీగా ఉన్న గృహిణుల కాలక్షేపం కింద జమకడతారనీ అందులో చూపించింది. షిప్‌రాక్ ఎక్కడ, నరసాపురం ఎక్కడ! మాట మాత్రం ఒకటే.

ఇంకో అమ్మాయి గురించీ చెప్పాలి. దక్షిణ కొరియాలో హ్వాంగ్ యుమి హైస్కూలు చదువు కాగానే సామ్‌సంగ్ చిప్పుల ఫ్యాక్టరీలో చేరింది. సిలికాన్ పలకల్ని రసాయనాల్లో ముంచి తీసే పని. 2007లో లుకేమియాతో పోయింది. అప్పటికి 22 ఏళ్ళు. తండ్రి టాక్సీ నడుపుకునే మనిషి. ఆ పని వల్లే నా బిడ్డ పోయిందని ఒంటరిగా మొదలుపెట్టిన పోరాటం అలాంటి ఎన్నో కుటుంబాలని కలిపింది. 2018 నవంబరులో కంపెనీ బహిరంగంగా క్షమాపణ చెప్పి, పరిహారానికి ఒప్పుకుంది. ఆ పదకొండేళ్ళూ చిప్పుల తారీఖులు నడుస్తూనే ఉన్నాయి. క్షమాపణకే గడువు లేదు.

చేతులే కాదు, బుర్రలూ ఉన్నాయి. వేలకొద్దీ ట్రాన్సిస్టర్లు ఒక ముక్క మీద పడతాయి సరే, అంత చిక్కని ముగ్గుని వెయ్యడమెలా? దానికి అందరూ నేర్చుకోగల పద్ధతి తయారుచేసి, 1980లో పాఠ్యపుస్తకం తెచ్చినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఇందాక చెప్పిన కార్వర్ మీడ్. రెండోవారు లిన్ కాన్వే. 1968లో, తను స్త్రీననీ, స్త్రీగా బతకడానికి చికిత్స చేయించుకుంటున్నాననీ చెప్పినందుకు ఐబీఎం కంపెనీ ఆమెని ఉద్యోగంలోంచి తీసేసింది. క్షమాపణ చెప్పింది 2020లో. అంటే 52 ఏళ్ళకి. ఆమె 2024లో పోయింది. మా అమ్మాయి కాలేజీలో చదివింది ఆ పద్ధతే. మూర్ పేరు దానికి మొదటి ఏడాదే తెలుసు. లిన్ కాన్వే పేరు నేను చెబితే విన్నానంది.

మన గీత గీసి చూస్తే

ఇప్పుడు మన సంగతికొస్తాను. చట్టసభల్లో ఆడవాళ్ళకి మూడోవంతు సీట్ల బిల్లు మొదట పార్లమెంటులో పెట్టింది 1996 సెప్టెంబరులో. రెండు సభలూ దాటింది 2023 సెప్టెంబరులో. 27 ఏళ్ళు. పాసైన రోజున కూడా, ముందు జనాభా లెక్కలు, తర్వాత నియోజకవర్గాల విభజన, ఆ తర్వాతే అమలు అని మెలిక పెట్టారు. మూర్ చెప్పినట్టు రెండేళ్ళకోసారి రెట్టింపైతే 27 ఏళ్ళలో ఎనిమిది వేల రెట్లు దాటుతుంది. మనకి ఒక్క బిల్లు దాటింది.

అది ఢిల్లీ మాట, ఇంటి మాట చూద్దాం. మన దేశంలో ఎవరు ఏ పనికి రోజుకి ఎంతసేపు వెచ్చిస్తున్నారో ప్రభుత్వం 2019లో ఒకసారి, 2024లో ఒకసారి సర్వే చేసింది. 2019లో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. 2024లో ఆడవాళ్ళు 289, మగవాళ్ళు 88. ఇందులో ఇంకో మడతపేచీ ఉంది. ఇది ఆ పని చేసేవాళ్ళ లెక్క మాత్రమే. 2019లో ఇంటిపనిలో ఏదో ఒకటి చేసిన మగవాళ్ళు నూటికి 26 మందే. మిగతా 74 మంది లెక్కలోకే రారు.

"చూశారా, పది నిమిషాలు తగ్గింది, మారుతోందిగా" అన్నారు మా వారు, నేను చదివి వినిపిస్తే.

నేను గ్రాఫు కాగితం తీశాను. మనకి తగ్గింది పది. వాళ్ళకీ తొమ్మిది తగ్గింది. తేడా 2019లో 202 నిమిషాలు, 2024లో 201. అయిదేళ్ళలో ఒక్క నిమిషం! ఆ గీతని మూర్‌గారిలా పొడిగించాను. ఇద్దరి పనీ సమానమయ్యేసరికి వెయ్యేళ్ళు పడుతుంది. రెండే చుక్కల మీద గీత గీయకూడదని నా విద్యార్థులకి నేనే చెప్పాను, ఒప్పుకుంటాను. వెయ్యేళ్ళు కాకపోవచ్చు. కానీ 'కాలం మారుతుందిలే' అన్నవాళ్ళెవరూ ఆ ఒక్క చుక్కయినా పెట్టలేదే!

"మనుషులు సిలికాన్ ముక్కలా? మనసులు మారడానికి టైము పడుతుంది" అంటారు కొందరు. నిజమే, మనసు రెండేళ్ళకోసారి రెట్టింపు కాదు. నేను అడుగుతున్నది మనసుని కాదు, పనిని. వంటింట్లోకి వచ్చి పప్పు కడిగి కుక్కరు పెట్టడానికి మనసు మారేదాకా ఆగాలా? ఆఫీసులో ఒక గదికి సున్నం వేయించి, నాలుగు ఉయ్యాలలు, ఇద్దరు ఆయాల్ని పెట్టడానికి ఎవరి మనసు మారాలి? 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడే, యాభై మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసేచోట క్రెష్ ఉండాలని రాశారు. చట్టమూ ఉంది, డబ్బూ ఉంది. లేనిది తారీఖు.

ఇంకొందరు నా మీద తిరగబడొచ్చు. "ఆ తారీఖుల పరుగులోనే కదా ఆ కొరియా అమ్మాయి పోయిందీ? మళ్ళీ తారీఖులంటావేం?" అని. సరైన ప్రశ్నే. అందుకే గడువొక్కటే చాలదంటాను. ఎవరి మేలుకి గడువు, ఎవరి ఒంటి మీద గడువు అని కూడా అడగాలి. వాళ్ళ సరుకు కోసం పెట్టుకున్న గడువుల్ని మనం ఇన్నాళ్ళూ మోశాం. మన కోసం ఒక గడువు పెట్టమంటే 'మెల్లగా' అంటున్నారు. మూర్ కథలో నాకు అర్థమైనది ఇంతే. ఏ పనైనా సరే, దానికి అంకె వేసి, తారీఖు వేసి, డబ్బు పెట్టి, మనుషుల్ని పెట్టినచోట ఆశ్చర్యపోయేంత వేగంగా అవుతుంది. అవేవీ పెట్టనిచోట దానికి ఓర్పు అని పేరు పెట్టి మనకి అంటగడతారు.

ఏం చేశామంటే

మా అమ్మాయి ఉద్యోగం మానలేదు. ఆఫీసులో మూడేళ్ళలోపు పిల్లలున్న తల్లుల్నీ తండ్రుల్నీ కలిపి లెక్కేసింది. ముప్పై నాలుగు మంది పిల్లలు తేలారు. అందరి సంతకాలతో ఉత్తరం పెట్టింది. అందులో 'త్వరగా' అన్న మాట ఎక్కడా లేదు. ఎన్ని ఉయ్యాలలు, ఏ అంతస్తు, ఏ తారీఖు అనే ఉంది. 'కమిటీ వేశాం' అని జవాబొచ్చింది. 'కమిటీ రిపోర్టు ఏ తారీఖుకి?' అని మళ్ళీ రాసింది. దానికింకా జవాబు రాలేదు. వదలనంటోంది.

ఇక్కడ మా ఇంట్లో నేనూ మొదలుపెట్టాను. ముప్పయ్యేళ్ళ పైచిలుకు కాపురంలో మా వారితో ఎన్నిసార్లు పోట్లాడానో, ఒక్కసారి కూడా తారీఖు చెప్పి పోట్లాడలేదు! ఈసారి చెప్పాను. ఉగాది మొదలుకుని సోమ, బుధ, శుక్రవారాలు రాత్రి వంట ఆయనది. "మెల్లగా నేర్చుకుం..." అన్నారు. "ఉగాది" అన్నాను. గోడ మీది క్యాలెండరులో ఆ గడులకి ఎర్ర సున్నాలు చుట్టాను. వంట చేసినరోజు సున్నాలో టిక్కు.

మొదటి నెల పదమూడు సున్నాలకి ఏడు టిక్కులు. అందులో నాలుగు ఉప్మాలే. ఒకసారి ఉప్మాలో ఉప్పు మరిచిపోయారు, ఒకసారి రెండుసార్లు వేశారు. రెండో నెల తొమ్మిది టిక్కులు. అల్లుడుగారికి ఈ క్యాలెండరు ఫొటో తీసి మా వారే పంపించారు, 'మీ అత్తగారు నాకు టేపౌట్ పెట్టింది' అని. ఇప్పుడు వాళ్ళింట్లోనూ ఫ్రిజ్జు తలుపుకి ఒక కాగితం అంటించారట. దాని మీదా సున్నాలున్నాయట.

ఇదేదో ప్రపంచాన్ని మార్చేసే సంగతని నేననను. ఏడు నుంచి తొమ్మిది, అంతే. కానీ రెండు చుక్కలు పడ్డాయి. ఒకవేళ మూడో నెల అయిదుకి పడిపోతే ఆ పడిపోవడం కూడా గోడ మీద కనబడుతుంది. ఇన్నాళ్ళూ అది నా ఒంటి మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు.

మా మనవరాలికి నడక వచ్చేసింది. నిన్న ఫోన్లో దాని బుడిబుడి అడుగులు చూస్తూ "నీ నాటికి..." అనబోయి నాలిక కరుచుకున్నాను. ఆ మాట మా అమ్మ నాతో అంది, నేను నా కూతురితో అన్నాను. మూడోతరానికి అప్పజెప్పకూడదనుకున్నాను.

మీ ఇంట్లోనూ గోడకి క్యాలెండరు ఉండే ఉంటుంది. పాలవాడి లెక్క, గ్యాసు తెచ్చిన రోజు, పిల్లల ఫీజు గడువు అన్నీ దాని మీదే రాస్తాం కదా! ఈసారి ఎవరైనా "మారుతుందిలే" అంటే కోప్పడకండి, కన్నీళ్ళు పెట్టుకోకండి. పెన్ను తీసి చేతికిచ్చి, ఏ గడిలో రాయమంటారో అడగండి.